బండెడు సామాను

పోయిన ఆదివారం సాయంత్రం తమ్ముడి కూతురు వచ్చి ఫోన్ చేతిలో పెట్టింది. "పెద్దనాన్నా, ఇదొక్కసారి చూసి చెప్పు, ఏమన్నా మరిచిపోయామా" అని అడిగింది. జాబితా చూడగానే ఈ కాలమిస్టుకు కోపం వచ్చింది. వెళ్లేది నలుగురు: మొగుడూ పెళ్లాలు, తొమ్మిదేళ్ల పాప, ఆరేళ్ల బాబు. ఉండేది ఒక్క రాత్రి, వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో, మూసీ పుట్టిన చోట. ఆ ఒక్క రాత్రికి రాసుకున్న వస్తువులు 43. మడత కుర్చీలు, మడత బల్ల, గాలి పరుపు, దానికి గాలి కొట్టే పంపు, బొగ్గుల మీద కాల్చుకునే గ్రిల్లు, లైట్ల దండ, పాటల స్పీకరు. అన్నిటికంటే పైన, అన్నిటికంటే ఖరీదైనది, ఆరుగురు పట్టే గుడారం. డబ్బు కట్టడమొక్కటే మిగిలింది.

ఈ శీర్షికను మొదటి నుంచీ చదువుతున్నవారికి అతని పట్టుదలలు తెలుసు. మరచెంబు మీద మూడు వారాలు వరసగా రాసిన మనిషి అతను. ఊరికి వెళ్లేవాళ్లు రెండు సంచులకు మించి మోయకూడదన్నది అతని పాత మాట. కొన్న వస్తువును ముందు ఇంట్లో ఒక రాత్రి వాడి చూడకుండా గడప దాటించకూడదన్నది ఇంకా పాత మాట. దాన్ని పాఠకులే 'వాకిట్లో పరీక్ష' అని పిలవడం మొదలుపెట్టారు. అందుకే ఆ రోజు ఆలోచించకుండానే అనేశాడు: "గుడారమెందుకమ్మా? ఒక టార్పాలిన్, రెండు తాళ్లు చాలు. మా నాయనమ్మ మమ్మల్ని వారం రోజులు అడవిలో ఉంచింది. ఇందులో ఒక్కటీ లేదు."

ఆ పిల్ల నొచ్చుకోలేదు. "మరేం తీసుకపోయింది?" అని అడిగింది.

ఈ వారం కాలమ్ రాయించింది ఆ ప్రశ్నే.

ములుగు దగ్గరి ఊరి నుంచి మేడారానికి ఎడ్లబండి మీద రెండు రోజుల దారి. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి సమ్మక్క, సారలమ్మ గద్దెల మీదికి వస్తారు. 2024లో ఆ జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది. ఇప్పుడు బస్సులూ కార్లూ కొన్ని గంటల్లో దింపేస్తున్నాయి గానీ, ఏభై ఏళ్ల కిందట పస్రా దాటి తాడ్వాయి అడవిలో పడ్డాక బండ్ల బారు తప్ప మరొకటి కనిపించేది కాదు. పోను రెండు రోజులు, అక్కడ మూడు, రాను రెండు. మొత్తం వారం. జంపన్న వాగు ఒడ్డున, చెట్ల కింద, ఎవరి బండి దగ్గర వాళ్ల కాపురం. కుటుంబాలకు కుటుంబాలు పిల్లాజెల్లాతో ఆరుబయట రాత్రులు గడపడం ఇంతకంటే పెద్ద ఎత్తున ఈ కాలమిస్టు మరెక్కడా చూడలేదు.

నాయనమ్మ పది రోజుల ముందే సర్దడం మొదలుపెట్టేది. బండిలో మూరెడు మందాన వరిగడ్డి పరిపించేది. పగలు అది ఎడ్లకు మేత, రాత్రి పిల్లలకు పరుపు. గడ్డి మీద గోనె సంచులు, వాటి మీద పాత చీరలు కుట్టిన బొంత. కప్పుకోవడానికి గొంగడి. బియ్యం మూట, కందిపప్పు, చింతపండు, ఎండు మిరపకాయలు, ఉప్పు వేరే గుడ్డలో. జొన్నరొట్టెలు, సకినాలు. రెండు గిన్నెలు, బిందె, గంటె, కత్తిపీట. దారిలో బావి దొరికితే తోడుకోవడానికి చేంతాడు, బొక్కెన. గొడ్డలి. కందిలి, సీసాలో కిరసనాయిలు. గంపలో కోళ్లు. అమ్మలకు ఇచ్చే బెల్లం. దాన్ని అక్కడ బంగారమనే అనాలి, బెల్లమంటే ఊరుకునేది కాదు. మరచెంబు సరేసరి. అగ్గిపెట్టెలను మాత్రం ఆమె బియ్యం మూట నడుమ దాచేది. మాఘమాసపు మంచుకు తెల్లారేసరికి అందరి అగ్గిపుల్లలూ మెత్తబడిపోయేవి. నిప్పు కోసం పక్క బండ్ల వాళ్లు నాయనమ్మ దగ్గరికే వచ్చేవాళ్లు.

ఇవన్నీ ఆ పిల్లకు చెబుతూ చెబుతూ అతను వేళ్లు మడిచాడు. 43 దాటిపోయాయి. ఏమీ లేకుండా అడవికి పోయామన్న మాట అబద్ధమని అప్పుడు తేలింది. బండెడు సామానుతో పోయారు. తేడా ఎక్కడంటే, అందులో కొత్తగా కొన్నదంటూ ఒక్కటీ లేదు. అన్నీ రోజూ ఇంట్లో చేతిలో మెదిలేవే. చీకట్లో తడిమినా ఏది ఎక్కడుందో ఆమె చేతికి తెలుసు.

బండి మీది కాపురం క్యాంపింగ్‌కు పాత బడి. బ్రిటన్‌లో సైకిలు మీద గుడారం కట్టుకుని తిరగడాన్ని జనానికి నేర్పిన థామస్ హైరామ్ హోల్డింగ్ వృత్తికి దర్జీ. 1853లో, చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడు, తల్లిదండ్రుల వెంట అమెరికా మైదానాలను బండ్ల బారులో దాటాడు. 1908లో క్యాంపింగ్ మీద పుస్తకం రాసి, తేలిక గుడారాలు కుట్టి, సామాను బరువు తగ్గించడమెలాగో చెప్పింది ఆ పిల్లవాడే.

అసలు సంగతి ఇంకొకటి ఉంది. ఆ వారం రోజులూ నాయనమ్మ పిల్లలెవరినీ నేల మీద పడుకోనిచ్చేది కాదు. పెద్ద పిల్లలు మంట పక్కన పడుకుంటామని మారాం చేస్తే ఒకటే మాట: "కింద పురుగు పుట్ర తిరుగుతది, పైకెక్కుండ్రి." అందరూ బండిలోనే, ఒకరి మీద ఒకరు. పెద్దదాని చాదస్తమని అప్పుడు అనుకున్నారు.

రెండేళ్ల తరవాత, వానాకాలంలో, ఇంట్లో పనిచేసే జీతగాడు పశువుల కొట్టంలో నేల మీద గోనె పరుచుకుని పడుకున్నాడు. పొద్దున లేచి కడుపులో నొప్పి అన్నాడు. కాసేపటికి కనురెప్పలు వాలిపోయాయి, ఎత్తమంటే ఎత్తలేకపోయాడు. ఒంటి మీద గాటు కనిపించలేదు. జ్వరమన్నారు ఒకరు, గాలి సోకిందన్నారు ఇంకొకరు. మంత్రగాడు వచ్చాడు. మధ్యాహ్నానికి ఊపిరి ఆగింది. ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. నాయనమ్మ ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. మర్నాడు కొట్టంలోకి నులక మంచం వేయించింది.

అది కట్లపాము పని అని ఈ కాలమిస్టుకు చాలా ఏళ్ల తరవాత తెలిసింది. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద నిద్రపోయేవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. కోరలు చిన్నవి, నొప్పి ఉండదు, వాపు ఉండదు, చాలామందికి మెలకువ కూడా రాదు. విషం నరాల మీద పనిచేసి ముందు రెప్పలను వాల్చి, ఆనక ఊపిరి కండరాలను పడగొడుతుంది. మంచం మీద పడుకోవడం, దోమతెర అంచులను పరుపు కింద గట్టిగా దోపుకోవడం ప్రాణం కాపాడతాయని వైద్యులు చెప్పేది అందుకే.

కాబట్టి టార్పాలిన్ మాట అతను వెనక్కి తీసుకుంటున్నాడు. జాబితా చూసి ముందుగా కొట్టేయాలనుకున్న వస్తువే అన్నిటికంటే ముఖ్యమైనది. పిల్లలతో వెళ్లేవాళ్లకు నాలుగు వైపులా మూసుకునే గుడారం కావాలి. అడుగు గుడ్డ గోడలతో కలిపి కుట్టి ఉండాలి, తలుపుకు జిప్పు కింది దాకా రావాలి. ఆ జిప్పును లోపలికి వెళ్లినప్పుడూ బయటికి వచ్చినప్పుడూ ప్రతిసారీ మూయాలి. నాయనమ్మకు బండి ఎలాగో, ఈ కాలపు పిల్లలకు ఆ జిప్పు అలాగ.

గుడారం మీద 'నలుగురికి' అని రాసి ఉంటే నలుగురు భుజాలు ఆనించుకుని పడుకునేంత జాగా అని అర్థం. సంచులకు చోటుండదు. నలుగురి ఇంటికి ఆరుగురిది కొనడం దుబారా కాదు, ఆ పిల్ల సరిగ్గానే ఎంచుకుంది. గుడ్డ మీద మిల్లీమీటర్ల లెక్క ఒకటి రాస్తారు. కారకుండా ఎంత ఎత్తు నీటి ఒత్తిడిని ఆ గుడ్డ ఆపుతుందో అది చెబుతుంది. 1500 కంటే తక్కువున్నదాన్ని మన వానల్లో నమ్మకూడదు. 2000, 3000 ఉంటే నిశ్చింత. లోపలి గుడారం, పైకప్పు వేర్వేరుగా ఉండి నడుమ గాలి ఆడేది కొనాలి. ఒకే పొర గుడారంలో నలుగురి ఊపిరి తేమ గోడలకు పట్టి తెల్లారేసరికి చుక్కలు చుక్కలుగా రాలుతుంది. గుడారం కారిందని దుకాణదారును తిట్టుకునేవాళ్లలో చాలామందికి కారింది వాళ్ల ఊపిరే.

గుడారంతో ఇచ్చే సన్న మేకులను నమ్ముకోకూడదు. అనంతగిరిది ఎర్ర మొరం నేల. వాన లేని రోజుల్లో రాయిలా ఉంటుంది, అల్యూమినియం మేకు రెండో దెబ్బకే వంగుతుంది. ఇనప సామాన్ల దుకాణంలో జానెడు పొడవు ఇనప మేకులు ఓ డజను, ఒక సుత్తి తీసుకుంటే చాలు. మేకు తల గుడారానికి దూరంగా వాలేట్టు కొట్టాలి. నిలువుగా కొడితే గాలి తాడును లాగినప్పుడు ఊడి వస్తుంది.

పక్క విషయంలో వరిగడ్డి చెప్పిన పాఠం ఒకటుంది: చలి కింది నుంచి వస్తుంది. ఒంటి వేడిని నేల పీల్చేస్తుంది. పైన రెండు దుప్పట్లు కప్పి కింద ఒక్క చాప వేస్తే నిద్ర పట్టదు. గాలి పరుపులో లోపలి గాలి ఇటూ అటూ కదిలి వేడిని కిందికి దింపేస్తుంది. పిన్ను గుచ్చుకుంటే పరుపే లేదు. మడిచే ఫోమ్ చాప చవక, తేలిక, చిరిగినా పనిచేస్తుంది. పైన కప్పుకోవడానికి ఇంట్లో గొంగడి ఉంటే దాన్ని మించింది లేదు. దక్కనీ గొర్రెల నల్ల ఉన్ని వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి, గుంట మగ్గం మీద నేసిన గొంగడి దశాబ్దాలు వస్తుంది. కురుమలు, గొల్లలు వానలో దాన్నే కొప్పెర పెట్టుకుని మంద వెంట నడుస్తారు, రాత్రి మంద పక్కన దాన్నే కప్పుకుంటారు. ఏడాదిలో నెలల తరబడి ఆరుబయట పడుకునేవాళ్లు ఎంచుకున్న వస్తువు అది.

గ్రిల్లు సంగతి వేరు. దాన్ని ఇంట్లోనే వదిలేయమని అతను గట్టిగా చెప్పాడు. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం నేరం, అది ఒకటి. అంతకంటే పెద్దది, చలి ఎక్కువైందని మిగిలిన బొగ్గులను గుడారంలోకి తెచ్చుకునేవాళ్లున్నారు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. లంబసింగి చలికైనా, అరకు చలికైనా కుంపటినీ గ్యాస్ స్టవ్‌నూ గుడారంలోకి తేకూడదు. మొదటి రాత్రికి వంటే వద్దు. నూనె, చింతపండు పడ్డ పులిహోర ఆ రాత్రికి నిక్షేపంగా ఉంటుంది. తెల్లారాక, నిప్పుకు అనుమతి ఉన్న చోట, స్టవ్ ఆరుబయట పెట్టి కిచిడీ చేసుకోవచ్చు.

ఆ 43లో లేనివి కొన్ని అతనే చేర్చాడు. మనిషికొకటి చొప్పున తలకు కట్టుకునే లైటు. పిల్లలకు ముందు ఇవ్వాలి, అర్ధరాత్రి బయటికి లేచేది వాళ్లే. 20 లీటర్ల నీళ్ల క్యాన్. బూట్లు పొద్దున దులపకుండా తొడగొద్దని పాపకు వేరేగా చెప్పాడు, తేలు దూరేది అక్కడే. ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా విరుచుకుపడినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు, గ్లూకోజు నీళ్లతోనే వేలమందిని నిలబెట్టారు. పెద్ద పొట్లాన్ని సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో కలిపి తాగిస్తే పిల్లలకు మేలు బదులు కీడు జరుగుతుంది. అందుకని కొలత తెలిసిన లీటరు సీసా వెంట ఉండాలి.

పాము కరిచిందన్న అనుమానం వస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయకూడదు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి. మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే. పామును వెతికి చంపి ఆసుపత్రికి పట్టుకుపోనక్కర్లేదు. బయల్దేరే ముందే దగ్గరి ప్రభుత్వాసుపత్రి ఎక్కడుందో, గుడారం వేసే చోట ఫోన్ సిగ్నల్ ఉందో లేదో కనుక్కోవాలి. మొదటిసారి వెళ్లేవాళ్లు ఇంటికి రెండు మూడు గంటల దూరం దాటకపోవడం మంచిదని అతను అనేది కూడా ఇందుకే.

బుధవారం రాత్రి మేడ మీద వాకిట్లో పరీక్ష జరిగింది. సిమెంటు నేల కదా, మేకుల బదులు నీళ్లు నింపిన క్యాన్లకు తాళ్లు కట్టారు. గుడారం నిలబడడానికి నలభై నిమిషాలు పట్టింది. విప్పి మళ్లీ వేస్తే పదిహేను. జిప్పు మూసే పని ఆరేళ్లవాడు తీసుకున్నాడు, ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. తెల్లారేసరికి కుర్చీలు, బల్ల, పంపు, పరుపు, గ్రిల్లు, లైట్ల దండ, స్పీకరు జాబితాలోంచి పోయాయి. గుడారం ఉంది. గొంగడి ఈ కాలమిస్టు ఇంటి అటక మీదిది, రెండు రోజులు ఎండలో వేసి ఇచ్చాడు.

శనివారం పొద్దున బయల్దేరుతున్నారు. అగ్గిపెట్టె బియ్యం డబ్బాలో ఉంది.