ఉగ్రవాదికి ఇంటిపేరు పెట్టిందెవరు?

తెలుగు తెర మీద ముస్లింకి దొరికేవి ఎక్కువగా రెండే వేషాలు. ఒకటి బాంబు పెట్టేవాడిది. రెండోది, బాంబు పెట్టినవాణ్ణి అందరికంటే గట్టిగా తిట్టి తన దేశభక్తి రుజువు చేసుకునేవాడిది. మొదటి వేషం చూసి మేం బాధపడ్డాం. రెండో వేషం చూసి చప్పట్లు కొట్టాం. ఆ రెంటికీ కథ రాసిన చెయ్యి ఒక్కటేనన్నదే మా అభియోగం.

చేబ్రోలు అనగానే చతుర్ముఖ బ్రహ్మ గుడి గుర్తొస్తుంది. గుంటూరు నుంచి పొన్నూరు పోయే ఈ దారిలో మేమూ ఉన్నాం. మా జిల్లాలో నూర్‌బాషాలు ఇంట్లో మాట్లాడేది తెలుగే. మిగతా మావాళ్ళకి గడప లోపల ఉర్దూ, గడప దాటితే తెలుగు. కౌలుకి చేసే సాయిబు, పరుపులు కుట్టే దూదేకుల మనిషి, పీర్ల పండక్కి పీరెత్తే హిందువు - వీళ్ళెవరూ సినిమాలో ఉండరు. అక్కడి ముస్లింకి టోపీ, సుర్మా, విరిగిన తెలుగు తప్పనిసరి. చూసేవాడికి ఆ గుర్తులు ముందే అలవాటు చేస్తారు. ఆ తర్వాత అదే గుర్తున్న మనిషి చేతికి తుపాకి ఇస్తారు.

1992లో వచ్చిన మణిరత్నం 'రోజా' తెలుగులోకి డబ్ అయి ఇక్కడా బాగా ఆడింది. అందులో కథానాయకుడు కాలుతున్న జెండాని తన ఒంటితో ఆర్పుతుంటాడు. అదే సమయానికి ఉగ్రవాదుల నాయకుడు నమాజులో ఉంటాడు. ఒక బొమ్మ పక్కన ఇంకో బొమ్మ. మాట ఒక్కటీ లేదు. అయినా నమాజుకీ, ఆ మంటకీ ముడి పడిపోయింది. రోజుకి ఐదుసార్లు మా అమ్మలూ నాన్నలూ చేసే సజ్దా, ప్రేక్షకుడి కళ్ళలో నేరానికి సాక్ష్యమైపోయింది.

కృష్ణవంశీ 'ఖడ్గం' 2002లో వచ్చింది. ప్రకాశ్‌రాజ్ వేసిన అంజాద్ ఆటో నడిపే మంచివాడు, దేశభక్తుడు. తమ్ముడు ఉగ్రవాదుల్లో కలుస్తాడు. సినిమా ఉద్దేశం మంచిదే, కాదనం. కానీ అంజాద్ మంచితనం చాలాసార్లు పరీక్షకి నిలబడాలి. పక్కనున్న హిందూ పాత్రకి ఆ పరీక్ష లేదు. వాడు తాగొచ్చు, అబద్ధమాడొచ్చు, సినిమా వేషాల కోసం తిరగొచ్చు. వాడు భారతీయుడా కాదా అని ఎవరూ అడగరు.

2010లో వచ్చిన క్రిష్ 'వేదం' ఇంకో అడుగు ముందుకేసింది. మనోజ్ బాజ్‌పాయి వేసిన రహీముద్దీన్ ఖురేషీ మీద ఒక పోలీసు అధికారి ఉగ్రవాది ముద్ర వేస్తాడు. తప్పు ముద్ర వేసిన చేతిని చూపించిన సినిమా అది. అందుకు సలాం. అయినా చివరికి ఆ ఖురేషీయే ఆ అధికారి ప్రాణం కాపాడాలి, అప్పుడుగానీ ఆయన కళ్ళు తెరుచుకోవు. మేం నిర్దోషులమని తేలడానికి ప్రతిసారీ ఎవరో ఒకరి ప్రాణం కాపాడాలా? ఏమీ చేయకుండా, ఊరికే బతికితే చాలదా?

మాటల్లోనూ ఇదే కథ. ఉర్దూలో దహషత్‌గర్ద్ అంటే భయం పుట్టించేవాడు. మాటలో ఉన్నది వాడు చేసే పని. తెలుగులో 'ఉగ్రవాది' అన్నాం. 'వాది' అనగానే వెనకాల ఒక వాదం ఉండాలి. దాని ముందు 'ఇస్లామిక్' చేరిస్తే వాదానికి ఇంటిపేరు దొరికింది. మన పత్రికలు నక్సలైట్లని ఏళ్ళ తరబడి తీవ్రవాదులని రాశాయి. వాళ్ళ ఇళ్ళల్లో ఏ దేవుడి పటం ఉందని అడగలేదు. 1991లో శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీని చంపిన ఎల్‌టీటీఈ వాళ్ళ మతం ఏమిటో తెలుసుకోవాలని ఎవరికీ అనిపించలేదు.

ఈ ఇంటిపేరు ఖరీదు 2007లో తెలిసింది. మే 18న హైదరాబాదు మక్కా మసీదులో శుక్రవారం నమాజు వేళ బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు పోయారు. చచ్చింది ముస్లింలు, పట్టుకుపోయిందీ ముస్లిం కుర్రాళ్ళనే. వాళ్ళని హింసించారన్న ఫిర్యాదులొచ్చాయి. కేసులు నిలబడలేదు. 2012లో రాష్ట్ర ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది, 2013లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. తర్వాత హిందూత్వ వర్గాలకి చెందినవాళ్ళ మీద కేసు నడిచింది. 2018 ఏప్రిల్లో ప్రత్యేక కోర్టు వాళ్ళనీ విడిచిపెట్టింది. మరి ఆ బాంబు ఎవరు పెట్టినట్టు?

ఇంతవరకూ అవతలివాళ్ళ సంగతి. మనవాళ్ళకీ ఒక మాట చెప్పాలి. అదే ఏడాది ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ దగ్గర 42 మంది ప్రాణాలు పోయాయి. 2018 సెప్టెంబరులో ఆ కేసులో శిక్ష పడ్డవాళ్ళు మన పేర్లున్నవాళ్ళే. అలాంటప్పుడు సభల్లో 'ఏ మతమూ హింసని బోధించదు' అని ఒక వాక్యం చదివి కూచోవడం సరిపోదు. మక్కా మసీదుకి ఏడ్చిన కళ్ళు గోకుల్ చాట్‌కి తడి కాకపోతే ఆ ఏడుపుకి విలువ లేదు. చంపేవాడు మతాన్ని వాడుకుంటున్నాడు, నిజమే. వాడుకోవడానికి వీలైనదేదో వాడికి అక్కడ దొరుకుతోంది, అదీ నిజమే. జిహాద్ అన్న మాటలోంచి ఆత్మనిగ్రహాన్ని, యుద్ధానికి పెట్టిన హద్దుల్ని కోసేసి కత్తి ఒక్కటే మిగుల్చుకున్నాడు. దాన్ని తిరిగి గుంజుకోవాల్సింది మనమే. తెర మీద అంజాద్‌లా ఎవరికో రుజువు చూపించడానికి కాదు, మన పిల్లల కోసం.

ఇది కొత్త జబ్బేం కాదు. 661లో కూఫా మసీదులో హజ్రత్ అలీ మీద కత్తి దూసినవాడు ఖారిజీ. తన ఒక్కడి దీనే అసలు దీనని నమ్మినవాడు. 680లో కర్బలాలో ఇమామ్ హుసేన్‌ని చంపిందీ కలిమా చదివే సైన్యమే. మతం పేరు చెప్పుకునే కత్తి మొదట తెగ్గోసింది ముస్లింల గొంతులే. మన ఊళ్ళల్లో మొహర్రంకి పీరుని భుజాన ఎత్తుకునే సాయిబుకీ, పక్కన నడిచే రైతుకీ ఈ కథ తెలుసు. వాళ్ళు ఏడ్చేది చంపినవాడి కోసం కాదు, చచ్చినవాడి కోసం. మతానికీ హింసకీ ఉన్న సంబంధం గురించి సినిమా తీయదలుచుకున్నవాళ్ళు ముందు ఆ ఊరేగింపుతో నాలుగడుగులు నడవాలి.