అతిథేయి ఎంజైమును ఆపితే డెంగీ ఆగుతుందా? సెల్గోసివిర్ ప్రయోగంపై విమర్శనాత్మక పరిశీలన

డెంగీ వైరస్ ఆర్‌ఎన్‌ఏలో సుమారు 10,700 న్యూక్లియోటైడ్లు ఉంటాయి. వాటి నుంచి తయారయ్యే ప్రోటీన్లు పది మాత్రమే. ఇంత చిన్న వైరస్ తన ప్రతికృతిని పూర్తిచేసుకోవాలంటే అతిథేయి కణంలోని ఎంజైములను వాడుకోక తప్పదు. కాబట్టి ఆ ఎంజైమును నిరోధిస్తే వ్యాధి నయమవుతుందని విద్యార్థులు సమాధాన పత్రాలలో తరచు రాస్తుంటారు. ఇందులో మొదటి మాట నిజం. రెండో మాట దాని నుంచి నేరుగా రాదు. ఎందుకు రాదో ఈ భాగంలో పరిశీలిద్దాం.

1. ఏ ఎంజైము ఏ పని చేస్తుంది?

డెంగీ ఆర్‌ఎన్‌ఏ మొదట ఒకే పొడవైన పాలీప్రోటీన్‌గా అనువాదమవుతుంది. కణద్రవ్యం వైపు దీన్ని ప్రధానంగా వైరస్ సొంత ప్రోటియేజ్ ఖండిస్తుంది. అంతర్జీవద్రవ్యజాలం లోపలి వైపు కణానికి చెందిన సిగ్నల్ పెప్టిడేజ్ ఖండిస్తుంది. కొత్త వైరస్ రేణువులు గాల్జీ సంక్లిష్టం మీదుగా బయటికి వెళ్తున్నప్పుడు ఫ్యూరిన్ అనే మరో కణ ఎంజైము ప్రీఎమ్ ప్రోటీన్‌ను కోస్తుంది. ఈ కోత పడని రేణువులకు సోకే శక్తి చాలా తక్కువ.

మన చర్చకు ముఖ్యమైనది ఆల్ఫా-గ్లూకోసిడేజ్. వైరస్ ప్రోటీన్లకు అతికిన చక్కెర గొలుసు చివర మూడు గ్లూకోజ్ ప్రమాణాలు ఉంటాయి. ఈ ఎంజైము వాటిని తొలగిస్తేనే ప్రోటీన్ సరిగా ముడుచుకుంటుంది. ఆస్ట్రేలియాలో పెరిగే ఒక చెట్టు గింజల నుంచి లభించే కాస్టనోస్పెర్మిన్ ఈ చర్యను అడ్డుకుంటుంది. దాని నుంచి రూపొందించిన మందే సెల్గోసివిర్.

2. ప్రయోగశాలలో ఫలితం, రోగులలో ఫలితం

కణవర్ధనాలలో సెల్గోసివిర్ నాలుగు రకాల డెంగీ వైరస్‌లనూ అణచింది. డెంగీ సోకిన చిట్టెలుకలను మరణం నుంచి కాపాడింది. ఆ ఆశతోనే 2012-13లో సింగపూర్‌లో 50 మంది రోగులపై ప్రయోగం జరిపారు. అందరూ జ్వరం మొదలై 48 గంటలు దాటని వయోజనులే. 24 మందికి మందు, 26 మందికి ప్లాసిబో ఇచ్చారు. 2014లో ఫలితాలు వెలువడ్డాయి. మందు వల్ల పెద్ద హాని కలగలేదు. అయితే రక్తంలో వైరస్ తగ్గుదలలో గానీ, జ్వరంలో గానీ రెండు వర్గాల మధ్య సాంఖ్యకంగా చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

3. ఈ ఫలితాన్ని ఎలా చదవాలి?

మొదటిది కాలం. చిట్టెలుకకు వైరస్ ఎప్పుడు ఎక్కించామో మనకు తెలుసు. మనిషికి దోమ కుట్టిన కొన్ని రోజుల తరవాత గానీ జ్వరం రాదు. అప్పటికే రక్తంలో వైరస్ ఉచ్చస్థాయికి చేరుతూ ఉంటుంది.

రెండోది మోతాదు. చిట్టెలుకలలో రోజుకు ఒకసారి కిలోకు 100 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చినప్పటికంటే, అదే మొత్తాన్ని రెండుసార్లుగా ఇచ్చినప్పుడు రక్షణ ఎక్కువగా లభించింది. అంటే మందు మొత్తం ఎంత అన్నది ఒక్కటే కాదు, రోజంతా ఎంజైము అణగి ఉందా అన్నదీ ముఖ్యమే.

మూడోది నమూనా. ఆ చిట్టెలుకలలో ఇంటర్‌ఫెరాన్ గ్రాహకాలు ఉండవు. మనిషిలో రోగనిరోధక వ్యవస్థే కొద్ది రోజుల్లో వైరస్‌ను తొలగిస్తుంది. ప్లాసిబో తీసుకున్నవారిలోనూ వైరస్ తగ్గుతుంది కనుక మందు చేసిన మేలు వేరుగా కనిపించడం కష్టం.

అయితే 50 మందితో చేసిన ప్రయోగం చిన్న ప్రయోజనాన్ని పట్టుకోలేదు. కాబట్టి “ఈ ఎంజైము అప్రధానం” అని తీర్మానించడం కూడా తొందరపాటే అవుతుంది.

4. “అవసరం” అనే మాటకు అర్థం

2016లో వెలువడిన జన్యు పరిశోధనలు మరో హెచ్చరిక చేశాయి. ప్రోటీన్లకు చక్కెర గొలుసును అతికించే ఎంజైము ఒలిగోశాకరైల్ ట్రాన్స్‌ఫరేజ్. కణంలో దీని జన్యువులను తొలగిస్తే డెంగీ వృద్ధి ఆగిపోయింది. చక్కెర అతికించడమే వైరస్‌కు అవసరమని ఎవరైనా అనుకుంటారు. కానీ ఉత్ప్రేరక శక్తి పోగొట్టిన ఎంజైమును తిరిగి చేర్చినా వైరస్ మళ్ళీ పెరిగింది. వైరస్‌కు కావలసింది ఆ ప్రోటీన్ ఉనికి, అది చేసే చర్య కాదు. అలాంటప్పుడు ఉత్ప్రేరణను మాత్రమే అడ్డుకునే మందు గురి తప్పుతుంది.

5. ముగింపు

అతిథేయి జన్యువును వైరస్ మార్చలేదు కాబట్టి మందుకు నిరోధకత త్వరగా రాదనే వాదనలో బలం ఉంది. అయితే ఆ ఎంజైము రోగికీ అవసరమేనని మరువరాదు. డెంగీకి ఆమోదం పొందిన ప్రత్యేక మందు నేటికీ లేదు. ద్రవాలు సమతూకంలో అందించడం, జాగ్రత్తగా గమనించడమే చికిత్స. అందుకే ఇకమీదట “ఎంజైమును నిరోధిస్తే” అని రాసే ముందు, ఎప్పుడు, ఎంతసేపు, ఏ జీవిలో, ఏ చర్యను అనే నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: కణవర్ధనంలో విజయవంతమైన నిరోధకం రోగిలో విఫలం కావడానికి గల కారణాలను సెల్గోసివిర్ ఆధారంగా చర్చించండి.