గోడకన్నా ముందు గుండు

స్వీడన్ సంగీతకారుడు మార్టిన్ మోలిన్ తన చేతులతో చేసుకున్న ఒక చెక్క యంత్రాన్ని 2016లో లోకానికి చూపించాడు. చేత్తో మర తిప్పితే చాలు, దాదాపు 2,000 ఉక్కు గోళీలు పైకెక్కి, ఎవరి దారి వారిదన్నట్టు దొర్లి, వాద్యాల మీద పడి పాట పలికిస్తాయి. 1206 నాటి అల్ జజరీ గ్రంథంలోనూ ఇలాంటి కోట గడియారం ఉంది. వేళ కాగానే అందులోని డేగ బొమ్మల నోళ్ల నుంచి గుండ్లు జారిపడి మోగుతాయి. గుండును కదిలించి నాదం పుట్టించడం మనిషికి ఏనాటి నుంచో ఉన్న ముచ్చట. ఆ ముచ్చటను ఉమ్మడి ఆదిలాబాద్ అడవిపల్లెలు గజ్జెలో తీర్చుకున్నాయి. అందులో కదిలేది ఒకే ఒక్క గుండు. దాన్ని నడిపేది మనిషి అడుగు.

జైనూరు మండలం ఉషేగాం వంటి ఊళ్లలో ఓజా కళాకారులు తరతరాలుగా ఇత్తడి పోత పోస్తున్నారు. గోండుల దేవతా ప్రతిమలు, గంటలు, గజ్జెలు, నగలు వాళ్ల చేతిలో తయారైనవే. ఈ పనిని డోక్రా అంటారు. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. మైనం కరిగించి లోహం పోసే ఈ పద్ధతి చాలా పాతది. మొహెంజొదారోలో దొరికిన నర్తకి కంచు బొమ్మను సుమారు 4,500 ఏళ్ల కిందట పోసింది ఇలాగే.

గజ్జెకు ఎక్కడా అతుకు ఉండదు. మరి లోపలికి గుండు ఎలా వెళ్లింది? గుండు లోపలికి వెళ్లలేదు, దాని చుట్టూ ఇల్లే లేచింది. మట్టిలో ఊక, పెండ కలిపి రేగుపండంత ఉండ చేసేటప్పుడే నడుమ చిన్న ఇనుప గుండునో గులకరాయినో దాచేస్తారు. ఉండ ఆరాక మైనపు పని మొదలవుతుంది. తేనెమైనంలో గుగ్గిలం, నూనె కలిపి కాచి, సన్నటి తీగలుగా సాగదీసి, తీగ పక్కన తీగ ఆనించి చుడతారు. అడుగున ఒక చీలిక మాత్రం వదిలేస్తారు. ఆపైన మెత్తని మట్టి పూత, దాని మీద ముతక మట్టి పూత. లోహం దిగడానికి దారి ఉంచి కాలిస్తే మైనం కరిగిపోతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక పైమట్టి పగలగొట్టి, లోపలి మట్టిని చీలిక గుండా పొడిచి రాలుస్తారు. మట్టంతా రాలిపోయాక గుండు ఒక్కటే మిగులుతుంది, చీలిక తనకన్నా సన్నం కాబట్టి బయటికి రాలేదు. ఇత్తడి దాదాపు 900 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఇనుముకు 1,500 దాటాలి. పైగా గుండు మట్టిలో ఒదిగి ఉంటుంది. అందుకే పోత వేడికి చెక్కు చెదరదు.

ఈ పనితనమంతా ఆ చీలికలోనే ఉంది. మైనం కరిగిపోయినప్పుడు లోపలి ఉండ కిందికి కుంగితే గజ్జె ఒక పక్క మందంగా, మరో పక్క పలుచగా తేలుతుంది. అలా జరగనివ్వనిది చీలికే. అక్కడ లోపలి మట్టి, బయటి మట్టి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. పోత అయ్యాక మట్టి రాలేదీ ఆ దారినే. చివరికి గుండు తగిలినప్పుడు రెండు అంచులూ స్వేచ్ఛగా అదిరేది, నాదం బయటికి వచ్చేది కూడా చీలిక వల్లనే. ఒక్క గీత మూడు పనులు చేస్తోంది. ఏ ఇంజనీరైనా మెచ్చాల్సిన పొదుపు ఇది.

అచ్చు ప్రతిసారీ పగిలిపోతుంది గనుక ఏ రెండు గజ్జెలూ అచ్చంగా ఒకేలా మోగవు. గోండుల దండారి పండుగ వేళ నెమలి ఈకల టోపీలతో గుస్సాడీ నర్తకులు అడుగు వేస్తే, వరుస గజ్జెలన్నీ కొద్ది కొద్ది తేడాలతో కలిసి పలుకుతాయి. ఆ నిండుదనం ఈ తేడాల నుంచి వచ్చిందే. జైనూరు మండలానికే చెందిన మార్లవాయి ఊరి నర్తకుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు గుస్సాడీ పేరు దేశమంతా వినపడింది. నర్తకుడికి దక్కిన ఆ గౌరవంలో పోతపనివాడికీ వాటా ఉంది.

రేకు గజ్జెలు అంగట్లో చవకగా దొరుకుతాయి. తేడా కనిపెట్టడం కష్టమేమీ కాదు. నడుమ చుట్టూ అతుకు కనిపిస్తే అది రెండు రేకు చిప్పలు కలిపి నొక్కినది. అతుకు లేకపోతే అది మట్టిలో పుట్టినది, దాని కోసం ఒక అచ్చు పగిలింది. డోక్రా ఏనుగును, నెమలిని కొని షోకేసులో పెట్టుకోవడం మంచిదే. దానికన్నా మంచి పని గజ్జెలను కొని మన నాట్య బడుల్లో పిల్లల కాళ్లకు కట్టడం. వాడకం ఉన్నన్నాళ్లే పనితనం నిలుస్తుంది. అడిగిన ధర ఇచ్చి కొందాం, బేరం ఆడొద్దు.