పేరు లేని సీసం బిళ్లలు

ఇంగ్లండ్ పొలాల్లో మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరిగేవాళ్లలో చాలామంది సీసం బిళ్ల దొరికితే నిరుత్సాహపడతారు. వెండి నాణెంలాగే మోగుతుంది. తీరా తవ్వితే తెల్లటి పొర కట్టిన వంకర ముక్క. ఒక వైపు గీతలో, ఆరు రేకుల పువ్వో, ఓ అక్షరమో ఉంటుంది. రాజు బొమ్మ ఉండదు, చాలావాటి మీద సంవత్సరమూ ఉండదు. కెంట్‌లో ఉంటూ ఈ వ్యాపకంలో పడ్డ నాకు మాత్రం బంగారం కన్నా ఇవే ఇష్టం. కూలీనాలీ జనం చేతుల్లో మెలిగిన వస్తువు ఇంత నేరుగా మన చేతికి రావడం అరుదు.

ఇవి పుట్టింది ఎక్కువగా చిల్లర కరువులోంచి. పెన్నీలో నాలుగో వంతైన ఫార్దింగ్‌ను వెండితో చేస్తే వేళ్ల సందున జారిపోయేంత చిన్నదయ్యేది. 1672లో రెండో చార్లెస్ రాగి ఫార్దింగులు తెచ్చాక కొంత తెరిపి వచ్చింది. చిల్లర లేదని చాక్లెట్ చేతిలో పెట్టే కొట్టును ఎరిగిన మనకు ఈ ఇబ్బంది కొత్త కాదు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, ఇంటి పొయ్యి చాలు. సుద్దరాయిలో గుంట చెక్కి పోస్తే బిళ్ల తయారు.

మా కెంట్‌లో వీటికి ఇంకో పని ఉండేది. బీరుకు చేదునిచ్చే హాప్స్ కోతకు లండన్ తూర్పు పేటల నుంచి పేద కుటుంబాలు పిల్లాజెల్లాతో వచ్చేవి. కోసిన బుషెళ్ల (కొలత గంపల) లెక్కన రైతు తన పేరు పొడి అక్షరాలున్న టోకెన్లు ఇచ్చేవాడు. కోతలయ్యాక వాటిని లెక్కగట్టి డబ్బిచ్చేవాడు. బిళ్ల పోతే ఆ కూలి పోయినట్టే. దున్నిన చాలులో అలాంటిది దొరికితే నాకు సంతోషం కన్నా ముందు, దాన్ని పారేసుకున్న మనిషి గుర్తొస్తుంది.

బరీ సెయింట్ ఎడ్మండ్స్ పట్టణం వైపు దొరికే బిళ్లల మీద బిషప్ తల ఉంటుంది. సెయింట్ నికొలస్ పండుగకు ఒక బాలుణ్ణి బిషప్‌గా నిలిపే ఆచారానికి చెందినవవి. పేదలకు దానంగా ఇచ్చేవారని, తిండికి మార్చుకునేవారని పండితుల అభిప్రాయం. 1541లో ఎనిమిదో హెన్రీ ఆ ఆచారాన్ని నిషేధించాడు. స్కాట్లండ్‌లోనైతే చర్చి పెద్దల పరీక్షలో నెగ్గినవారికే సీసం టోకెన్. అది చూపితేనే ప్రభువు బల్ల దగ్గరికి రానిచ్చేవారు.

రాత లేని బిళ్లకు మాత్రం దొరికిన చోటే సాక్ష్యం. ఆ సాక్ష్యాన్నీ తూచి నమ్మాలి. పట్టణపు పెంటను బళ్లకెత్తి పొలాలకు తోలిన రోజుల్లో బిళ్లలూ దానితోపాటే వచ్చాయి. అంటే పొలంలో దొరికినది సత్రంలో చెల్లినదీ కావచ్చు, జూదంలో వాడినదీ కావచ్చు. ఒక్క బిళ్లను చూసి ‘ఇది ఫలానా’ అని తేల్చేవారి మాట నేను నమ్మను. ఒకే అచ్చులో పోసిన పది బిళ్లలు ఎక్కడెక్కడ తేలాయో పటం మీద గుర్తిస్తే అప్పుడు మాట్లాడవచ్చు. అందుకే జనానికి దొరికిన పాత వస్తువులను నమోదు చేసేందుకు 1997లో మొదలైన పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ నా దృష్టిలో గొప్ప పని. విడి సీసం బిళ్ల చట్టం దృష్టిలో నిధి కాదు, చెప్పి తీరాలన్న నిర్బంధమూ లేదు. అయినా జనం తెచ్చి చూపిస్తున్నారు. పదిహేను లక్షలకు పైగా వస్తువులు అక్కడ నమోదయ్యాయి.

సీసం మనకూ పరాయిది కాదు. శాతవాహనులు సీసంతో నాణేలే వేశారు, వాటి మీద రాజుల పేర్లున్నాయి. మన దగ్గర చట్టం వేరు: 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దొరికిన, పది రూపాయల విలువ దాటిన నిధి గురించి కలెక్టరుకు తెలపాలి. మీ చేలో నాగలికి అలాంటిది తగిలితే తోమకండి, కరిగించకండి. ఏ సర్వే నంబరులో, ఎంత లోతున దొరికిందో ఆ రోజే రాసిపెట్టి కలెక్టరుకు తెలియజేయండి.