మళ్లీ రన్ చేస్తే పాసైందట!

టెస్టు ఒకసారి ఫెయిలై, రెండోసారి పాసైతే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. నాకు అప్పుడే అసలు బెంగ మొదలవుతుంది.

పెర్ల్ భాషలో మాడ్యూళ్లు రాసేవాళ్లకు ఓ చక్కని అలవాటుంది. కొత్త వెర్షన్‌ను ఒక్కసారిగా జనం మీదికి వదలరు. పేరు చివర 'ట్రయల్' అని తగిలించి, పెర్ల్ మాడ్యూళ్ల భాండాగారమైన సీపాన్‌లో పెడతారు. మామూలుగా ఇన్‌స్టాల్ చేసుకునేవాళ్ల జోలికి అది పోదు. సీపాన్ టెస్టర్లనే స్వచ్ఛంద కార్యకర్తలు మాత్రం లైనక్స్, విండోస్, ఫ్రీబీఎస్‌డీ, పాత పెర్ల్, కొత్త పెర్ల్ అన్నిటి మీదా దాన్ని నడిపి రిపోర్టులు పంపుతారు. రాసినవాడి ల్యాప్‌టాప్‌లో పాసైన టెస్టు అక్కడ ఫెయిలవుతుంది. ట్రయల్ పెట్టిందే అందుకు.

2013లో పెర్ల్ 5.18 వచ్చినప్పుడు ఇలాంటి రిపోర్టులు బాగా వచ్చాయి. హాష్‌లోని కీలు ఏ వరసలో వస్తాయన్నది అప్పటినుంచి రన్ రన్‌కీ మారిపోతోంది. బయటివాళ్లు కావాలని కీలు పేర్చి పంపి సర్వర్లను కుదేలు చేయకుండా తెచ్చిన మార్పది. వరస మీద హామీ అంతకుముందూ లేదు. అయినా ఎన్నో టెస్టులు దాన్నే నమ్ముకుని బతికాయి.

ఇలాంటి రిపోర్టులో నేను మొదట చూసేది వచ్చిన జవాబునీ, రావలసిన జవాబునీ. రెండింట్లో కీలు అవే ఉండి వరసే మారితే సగం దారి దొరికినట్టే. తర్వాత పెర్ల్ చేత ఆ వరసను మార్చే హాష్ సీడ్‌ను ప్రింట్ చేయించాలి; అందుకు ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది. ఫెయిలైన రన్‌లోని సీడ్‌ను, దాని పక్కనే కనిపించే కీల సెట్టింగ్‌ను మళ్లీ ఇస్తే అదే ఫెయిల్యూర్‌ను కావలసినప్పుడల్లా రప్పించవచ్చు. పట్టుబడని తప్పును దిద్దడం నా దృష్టిలో దిద్దడమే కాదు.

ఇక తేలాల్సింది తప్పు టెస్టుదా, మాడ్యూల్‌దా అన్నది. టెస్టులో ఒక సార్ట్ పెడితే ఎర్ర గీత పోతుంది, నిజమే. కానీ ఆ మాడ్యూల్ ఫైలు రాసేదై, అందులో వరసకు అర్థముంటే? అప్పుడు సార్ట్ ఉండాల్సింది మాడ్యూల్‌లో. టెస్టులో పెడితే తప్పును కప్పిపెట్టినట్టే.

దిద్దాం కదా అని నేరుగా అసలు రిలీజ్ పెట్టేయకండి. ఇంకో ట్రయల్ వదలండి. మొదట ఫెయిలైన యంత్రాల నుంచి రిపోర్టులు వచ్చేదాకా ఆగండి.