లావు తీగ మోజు తీరాక

ఏడు తీగల గిటారో, ఎనిమిది తీగల గిటారో కొత్తగా కొన్నవాళ్లు దాన్ని ఆంప్‌కి తగిలించగానే చేసే పని ఒకటే. అన్నిటికన్నా లావు తీగని పిక్‌తో ఒక్క దెబ్బ కొడతారు. గది అదురుతుంది. ఇంకో నాలుగు దెబ్బలు పడతాయి. ఆ పూటకి మిగతా తీగల జోలికి వెళ్లే నాథుడుండడు. వారం తిరిగేసరికి ఫిర్యాదులు మొదలు: మోత తప్ప స్వరం వినపడట్లేదు, శ్రుతి నిలవట్లేదు, మణికట్టు నొప్పెడుతోంది. విసుగొచ్చి అమ్మకానికి పెట్టేసేవాళ్లూ ఉంటారు. పాపం, చాలాసార్లు గిటార్‌లో లోపమేమీ ఉండదు. తీగలు పెరిగినకొద్దీ వాటిని మోగనివ్వకుండా ఆపే పని పెరుగుతుందని ఎవరూ ముందుగా చెప్పరు, అంతే.

మామూలు ఆరు తీగల గిటార్‌లో లావు తీగ ‘ఇ’ స్వరం, సుమారు 82 హెర్ట్జ్. ఏడో తీగ కలిస్తే ‘బి’, 62 హెర్ట్జ్. ఎనిమిదోది ‘ఎఫ్ షార్ప్’, 46 హెర్ట్జ్. నాలుగు తీగల బేస్ గిటార్‌లో లావు తీగ 41 హెర్ట్జ్. అంటే ఎనిమిది తీగల గిటార్‌కీ బేస్ గిటార్‌కీ మధ్య తేడా రెండే రెండు ఫ్రెట్లు.

అంత మంద్రంలోకి దిగాలంటే చెక్కకీ తీగకీ కూడా ఇబ్బందే. ఫెండర్ గిటార్లలో నట్ నుంచి బ్రిడ్జ్ దాకా తీగ పొడవు సాధారణంగా 25.5 అంగుళాలు. ఆ పొడవులోనే మామూలు తీగని 46 హెర్ట్జ్‌కి దించితే బట్టలారేసే దండెంలా ఊగుతుంది. లావు పెంచవచ్చు. ఆరు తీగల సెట్‌లో లావుపాటిది అంగుళంలో 0.046 వంతు ఉంటే, ఎనిమిదో తీగకి 0.074 పైన వేస్తారు. కానీ లావెక్కిన తీగ బిరుసెక్కుతుంది, నాదం మొద్దుబారుతుంది. అందుకే పొడవు కూడా పెంచుతారు. 27 అంగుళాలకి వెళితే అదే తీగ, అదే శ్రుతిలో 12 శాతం ఎక్కువ బిగువుగా నిలుస్తుంది. స్వీడన్ బృందం మెషుగా పేరు మీద ఇబానెజ్ చేసిన గిటార్ అయితే 29.4 అంగుళాలు.

లావు తీగకి పొడవు కావాలి, సన్న తీగకి అక్కర్లేదు. రెంటినీ సర్దడానికి అమెరికాలో రాల్ఫ్ నొవాక్ ఫ్రెట్లని విసనకర్రలా పరిచి 1989లో పేటెంట్ తీసుకున్నారు. ఒక్కో తీగకి ఒక్కో పొడవు. చూడగానే ఫ్రెట్లు వంకర పోయాయేమో అనిపిస్తుంది గానీ వేళ్లు త్వరగానే అలవాటు పడతాయి.

అలవాటు పడనిది బొటనవేలు. ఆరు తీగల గిటార్‌కి నట్ దగ్గర నెక్ వెడల్పు 42, 43 మిల్లీమీటర్లు. ఎనిమిది తీగలకి అది దాదాపు 55. నెక్ మీదుగా బొటనవేలు పైకి తెచ్చి పట్టుకునే రాక్ గిటారిస్టుల పద్ధతి ఇక్కడ పనికిరాదు. గిటార్‌ని ఎడమ తొడ మీద పెట్టుకుని, నెక్ కాస్త పైకెత్తి, బొటనవేలు వెనకాల మధ్యలో ఆన్చాలి. క్లాసికల్ గిటార్ నేర్చుకున్నవాళ్లు ఇక్కడ నవ్వుకుంటారు.

ఇక అసలు విద్య. మూడో తీగ మీద ఒక వరస వాయిస్తున్నారనుకోండి. దాని పైన ఐదు లావు తీగలు చెయ్యి తగలకపోయినా సన్నగా కంపిస్తూనే ఉంటాయి. డిస్టార్షన్ ఆ సన్నని హోరుని పెద్ద మోత చేసి పెడుతుంది. కుడి అరచెయ్యి అంచు లావు తీగల మీద ఆనాలి. ఎడమ చూపుడువేలి కొస పక్కనున్న లావు తీగని తాకుతూ ఉండాలి, అదే వేలి కింది భాగం సన్న తీగల మీద వాలి ఉండాలి. ఒక్క స్వరం పలకడానికి ఏడు తీగల నోరు మూయాలన్నమాట. అరచెయ్యి ఆన్చి తీగని సగం మూసి వాయించే పామ్ మ్యూట్‌లో అయితే ఆ చెయ్యి బ్రిడ్జ్ మీద నుంచి వెంట్రుకవాసి ముందుకి జరిగినా స్వరం చచ్చి ‘దబ్’మంటుంది, వెనక్కి జరిగితే తీగ విచ్చలవిడిగా మోగుతుంది. నట్ దగ్గర గుడ్డ పట్టీ చుట్టుకునేవాళ్లున్నారు. అది దొంగతనమేమీ కాదు, రికార్డింగులో మామూలే.

గట్టిగా బాదడం కూడా మానుకోవాలి. లావు తీగని బలంగా కొడితే ఆ క్షణంలో శ్రుతి పైకి ఎగబాకుతుంది. ఆంప్‌లో బేస్ పెంచడం కాదు, తగ్గించాలి. ట్యూబ్ స్క్రీమర్ లాంటి పెడల్‌ని డ్రైవ్ దాదాపు సున్నాలో, లెవెల్ బాగా ఎక్కువలో పెట్టి ఆంప్‌కి ముందు తగిలిస్తే, డిస్టార్షన్‌కి చేరకముందే మంద్రంలోని బురద వడకట్టుకుపోతుంది.

ఇదంతా మెటల్ కుర్రాళ్లు పుట్టించినదనుకుంటారు. కానీ రష్యాలో ఏడు తీగల గిటార్ పందొమ్మిదో శతాబ్దంలోనే ఉంది. అమెరికన్ జాజ్ గిటారిస్టు జార్జ్ వాన్ ఎప్స్ 1930ల చివర్లో ఎపిఫోన్ చేత ఏడు తీగల గిటార్ చేయించుకుని ఏడోదాన్ని ‘ఎ’కి, అంటే 55 హెర్ట్జ్‌కి శ్రుతి చేశారు. బేస్, కార్డ్, పాట మూడూ ఒక్క మనిషే వాయించడానికి. 1990లో గిటారిస్టు స్టీవ్ వాయ్ కోసం ఇబానెజ్ ‘యూనివర్స్’ అనే ఏడు తీగల గిటార్ తెచ్చింది. 1994లో కాలిఫోర్నియా బృందం కార్న్ తొలి ఆల్బమ్‌లో ఏడో తీగని ఒక మెట్టు దించి వాయించింది. ఎక్కడికి దించింది? అదే ‘ఎ’, అదే 55 హెర్ట్జ్. పెద్దాయన చేతిలో కార్డుల కింద మెత్తగా నడిచిన స్వరం ఈ కుర్రాళ్ల చేతిలో గోడలా లేచింది.

నా ఓటు పెద్దాయన దారికే. ఆ దారిని ఈ కాలంలో ముందుకి తీసుకెళ్లినవాడు గిటారిస్టు టోసిన్ అబాసి. అతని బృందం యానిమల్స్ ఆజ్ లీడర్స్ 2009లో తెచ్చిన తొలి ఆల్బమ్ వినండి. ఎనిమిది తీగల గిటార్ అందులో మోతకి మించిన పని చేస్తుంది. బేస్ గిటారిస్టుల్లా బొటనవేలితో లావు తీగని కొట్టి, మిగతా వేళ్లతో సన్న తీగలు మీటే పద్ధతిని అబాసి ఎంత పైకి తెచ్చాడంటే, ఇప్పుడు దాన్ని నేర్చుకోవడానికే ఎనిమిది తీగలు కొంటున్నారు.

మనకీ ఈ సంగతి కొత్త కాదు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ నాలుగు జంట తీగల మాండొలిన్‌ని పక్కన పెట్టి, ఐదు విడి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించారు. గమకానికి తీగ అడ్డు రాకూడదు, స్థాయి చాలకపోకూడదు. తీగలు మార్చింది అందుకే.

కాబట్టి మంద్రం ఒక్కటే కావాలనుకునేవాళ్లకి ఎనిమిది తీగలు దండగ. ఆరు తీగల గిటార్‌కి లావు సెట్ వేసి దించుకోండి, లేదా మంద్రానికే చేసిన బారిటోన్ గిటార్ కొనుక్కోండి. డబ్బూ మిగులుతుంది, మణికట్టూ బాగుంటుంది. పైస్థాయి వదులుకోకుండా కిందికీ వెళ్లాలనుకునేవాళ్లే ఈ వాద్యం తీసుకోవాలి. అలాంటివాళ్లు కొట్లో ముందు ఆంప్ ఆపించండి. ట్యూనర్ పెట్టి లావు తీగని ఖాళీగా ఒకసారి, పన్నెండో ఫ్రెట్ నొక్కి ఒకసారి మెల్లగా మీటండి. రెండుసార్లూ అదే స్వరం సరిగ్గా రాకపోతే సెటప్ చేయించి ఇమ్మనండి. పైస్వరం ఎక్కువ పలుకుతూ, శాడిల్‌ని వెనక్కి జరపడానికి బ్రిడ్జ్‌లో ఇక చోటే లేకపోతే, రంగు ఎంత నచ్చినా ఆ గిటార్‌ని అక్కడే వదిలేసి రండి.