శివారు చేను నుంచి ఒక పుస్తకం

నదియా ఎగ్బాల్ రాసిన 'వర్కింగ్ ఇన్ పబ్లిక్' 2020లో వచ్చింది. స్ట్రైప్ ప్రెస్ వాళ్ళు వేశారు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఎలా తయారవుతుంది, తయారయ్యాక దాన్ని ఎవరు చూసుకుంటారు అన్నది విషయం. ప్రోగ్రామర్ల పుస్తకంలా కనిపిస్తుంది గానీ ఇందులో కోడ్ దాదాపు ఉండదు. ఎవరో ఇష్టం కొద్దీ చేసిన పని లక్షలమందికి అవసరమయ్యాక ఆ చేసిన మనిషి గతి ఏమిటన్నదే అసలు ప్రశ్న. చిన్న పత్రిక నడిపినవాళ్ళకీ, రాత్రిళ్ళు కూర్చుని అనువాదాలు చేసి నెట్‌లో పెట్టినవాళ్ళకీ ఈ ప్రశ్న కొత్తేం కాదు. సాహిత్యం చదివేవాళ్ళతో దీని గురించి మాట్లాడాలనిపించింది అందుకే.

నేను రాజమండ్రిలో ఉంటూ ఫ్రీలాన్స్‌గా వెబ్‌సైట్లు చేస్తాను. ప్రపంచంలో నూటికి నలభై పైచిలుకు సైట్లు వార్డ్‌ప్రెస్ మీద నడుస్తాయి, నేను చేసేవీ దాదాపు అన్నీ అవే. 2003లో మొదలైన ఆ సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు, మార్చింది ఇంకొకరికి ఇవ్వొచ్చు. అంటే నా ఇంటి అద్దె ఎవరో ఊరికే ఇచ్చిన కోడ్ మీద నడుస్తోంది. నేనూ ఒక చిన్న ప్లగిన్ చూసుకుంటాను. దానికి డబ్బులు రావు, మెయిళ్ళు వస్తాయి. కాబట్టి ఈ పుస్తకాన్ని తీసుకునేవాడిగానూ చదివాను, ఇచ్చేవాడిగానూ చదివాను.

ఎగ్బాల్ అంతకుముందు 2016లో ఫోర్డ్ ఫౌండేషన్ కోసం 'రోడ్స్ అండ్ బ్రిడ్జెస్' అని ఒక నివేదిక రాసింది. 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు, బ్యాంకుల నుంచి ప్రభుత్వాల దాకా అందరూ నమ్ముకున్న సాఫ్ట్‌వేర్‌ని గుప్పెడుమంది నెట్టుకొస్తున్నారని లోకానికి తెలిసింది. రోడ్లూ వంతెనలూ ఎంత అవసరమో ఇదీ అంతే, దీనికీ డబ్బు పెట్టండి అని ఆ నివేదిక సారాంశం. పుస్తకంలో ఆమె ఒక మెట్టు పైకి వెళ్ళింది. వాడేవాళ్ళెందరు, పనిచేసేవాళ్ళెందరు అనే రెండు లెక్కలతో ప్రాజెక్టుల్ని నాలుగు రకాలుగా విడదీసింది: సమాఖ్యలు, క్లబ్బులు, ఆటబొమ్మలు, స్టేడియాలు. రస్ట్ లాంటిది సమాఖ్య, చేసేవాళ్ళూ ఎక్కువే, వాడేవాళ్ళూ ఎక్కువే. బేబెల్ లాంటిది స్టేడియం. మైదానంలో ఒకరిద్దరు, గ్యాలరీలో జనసముద్రం.

పుస్తకంలో నాకు బాగా తగిలిన మాట ఇంకొకటి. కోడ్‌ని ఎంతమంది కాపీ చేసుకున్నా తరగదు, తరిగిపోయేది చూసుకునేవాళ్ళ ధ్యాస. వచ్చిన ప్రతి సాయాన్నీ చదవాలి, పరీక్షించాలి, వద్దంటే ఎందుకు వద్దో మర్యాదగా చెప్పాలి. కొన్ని సాయాలు తెచ్చే లాభం కంటే తీసుకునే సమయమే ఎక్కువ. పుస్తకం వచ్చాక జరిగినవి ఆమె మాటనే బలపరిచాయి. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాఫ్ట్‌వేర్‌లో దొంగ తలుపు బయటపడింది. అలిసిపోయి ఉన్న ఒక్క మనిషి మీద ఒత్తిడి తెచ్చి, రెండేళ్ళకు పైగా సాయం చేస్తున్నట్టు నటించి, ఎవరో తాళాలు చేజిక్కించుకున్నారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ కావడానికి అరసెకను ఎక్కువ పడుతోందేమిటని ఆరా తీయబట్టి దొరికింది.

ఇంతవరకూ ఆమెతో పేచీ లేదు. పేచీ ఆ గ్యాలరీ దగ్గర మొదలవుతుంది. ఎగ్బాల్ లెక్కలో వాడేవాళ్ళంతా ఒకటే గుంపు. డెల్టాలో పెరిగినవాళ్ళకి అది నమ్మబుద్ధి కాదు. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయింది. ఇవాళ దాని వారసత్వపు బ్యారేజీ కింద తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో పది లక్షల ఎకరాలు సాగవుతున్నాయి. అందరిదీ అదే గోదావరి నీరు. కానీ లాకు పక్కన చేనుకి వచ్చే నీరు వేరు, కాలవ చివర శివారు చేనుకి వచ్చే నీరు వేరు. మొదట్లో ఉన్నవాడికి నీళ్ళు హక్కులా వస్తాయి. శివారువాడు రాత్రి టార్చిలైటు పట్టుకుని గట్టు మీద నడవాలి. కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలున్నాయి. లాకు తలుపు ఎత్తి దించే లస్కరు పేరు ఆ ఊళ్ళోనే చాలామందికి తెలీదు.

సాఫ్ట్‌వేర్ కాలవకి తెలుగు శివారు చేను. వార్డ్‌ప్రెస్ ఒక వ్యాసం లింకుకి 200 గుర్తుల చోటిస్తుంది. ఇంగ్లీషు అక్షరం ఒక గుర్తు. తెలుగులో ప్రతి అక్షరం, ప్రతి గుణింతం, వత్తుకి ముందు వచ్చే పొల్లు కూడా లోపల తొమ్మిదేసి గుర్తులవుతాయి. 'ధవళేశ్వరం ఆనకట్ట చరిత్ర' అన్న మూడు మాటలకే చోటు నిండిపోతుంది, నాలుగో మాట ఎక్కడో తెగుతుంది. ఎవరూ కక్షతో పెట్టిన కొలత కాదది. కొలిచినప్పుడు శివారు కనిపించలేదు, అంతే. నా ప్లగిన్ చేసేది ఆ తెగే చోటు చూసుకోవడమే. ఇంగ్లీషులో రాసేవాళ్ళకి అలాంటిదొకటి కావాలన్న సంగతే తట్టదు.

మీరు ఈ వాక్యాన్ని క్రోమ్‌లోనో ఫైర్‌ఫాక్స్‌లోనో చదువుతుంటే వత్తుల్ని సరైన చోట కూర్చోబెడుతున్నది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ. దాని ముఖ్య రూపకర్త ఇరాన్‌లో పుట్టిన బెహ్దాద్ ఎస్ఫహ్బోద్, పేరు కూడా పారసీ మాటల్లోంచే వచ్చింది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క అక్షరం పంపితే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి, గుర్తుందా? ఆపిల్ కొద్దిరోజుల్లోనే సరిచేసింది. కానీ లోపల ఏం జరిగిందో విప్పి చూసే దారి మనకు లేదు. హార్ఫ్‌బజ్‌లో ఆ దారి ఉంది. కాకపోతే ఆ దారిన వెళ్ళి తెలుగు సంగతి చెప్పేందుకు తెలుగు తెలిసిన మనిషి ఉండాలి, ఆ మనిషికి ఒక ఖాళీ సాయంత్రం ఉండాలి.

శివారువాళ్ళు ఊరికే కూర్చోలేదు, సొంతంగా బోదెలు తవ్వుకున్నారు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాన్ని మొదలుపెట్టిన వెన్న నాగార్జునే, పత్రికలు తలోరకం ఫాంటు వాడే రోజుల్లో ఆ పేజీల్ని యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' చేశారు. 2006లో వీవెన్ చేసిన 'లేఖిని' లేకపోతే తెలుగు బ్లాగుల్లో ఎన్ని పుట్టేవో చెప్పలేం. ఎగ్బాల్ పట్టికలో వీటిని ఎక్కడ పెట్టాలి? అంకెలు చూస్తే క్లబ్బులు, ఆటబొమ్మలు. ఇవాళ మనం చదివే అంతర్జాల పత్రికలకి మొదటి పాఠకుల్నీ రచయితల్నీ తయారుచేసింది మాత్రం అవే. ఎంతమంది వాడారన్న లెక్కకి అది దొరకదు. ఆ నీరు ఆగితే ఏ చేను ఎండుతుందో అడిగితే దొరుకుతుంది.

పుస్తకం చూపే దారి దగ్గర నాకు ఇంకా ఇబ్బంది అనిపించింది. చివరి అధ్యాయాల్లో ఆమె ఓపెన్ సోర్స్ వాళ్ళని యూట్యూబ్, ట్విచ్ మీద బతికే క్రియేటర్లతో పోలుస్తుంది. మనిషికి పేరొస్తే అభిమానులొస్తారు, వాళ్ళ వెనక డబ్బొస్తుంది. గిట్‌హబ్ స్పాన్సర్స్ 2019లో వచ్చింది ఆ ఊహతోనే. స్టేడియంలో ఆడేవాళ్ళకి అది కుదురుతుందేమో. లస్కరుకి అభిమానులుండరు. తెగిపోయిన తెలుగు లింకుల్ని అతికించే పనిని ఎవరూ లైవ్‌లో చూడరు. నాలాంటి ఫ్రీలాన్సరు దాదాపు కౌలు రైతే. గంటల లెక్కన అమ్ముకున్న పగలు క్లయింటుది, మిగిలిన రాత్రే ప్లగిన్‌ది. ఒక క్లయింటు మూడు నెలలు డబ్బు ఆపితే ఆ రాత్రి కూడా పోతుంది.

ఎలినార్ ఆస్ట్రోమ్ ఉమ్మడి వనరుల మీద రాసిన పుస్తకాన్ని ఎగ్బాల్ ప్రస్తావిస్తుంది. ఆస్ట్రోమ్ సాగునీటి సంఘాల్ని దగ్గరగా చూసిన మనిషి. కానీ జనం వచ్చిపోయే పెద్ద ప్రాజెక్టులకి ఆ పద్ధతి చాలదని ఎగ్బాల్ ముందుకెళ్ళిపోతుంది. అక్కడే ఇంకాస్త ఆగాల్సింది. మా కాలవలు ఏడాది పొడుగునా పారవు. దాళ్వా కోతలయ్యాక ఎండల్లో కట్టేస్తారు. ముందే ప్రకటిస్తారు, ఊళ్ళు మంచినీళ్ళ చెరువులు నింపుకుంటాయి. ఆ కొద్ది వారాల్లో పూడిక తీయాలి, గుర్రపు డెక్క లాగాలి, లాకులు బాగుచేయాలి. అన్ని చోట్లా సవ్యంగా జరుగుతుందని చెప్పను. 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాల్లో రాజకీయం ఎంతో ఇక్కడ అందరికీ తెలుసు. అయినా కాలవ కట్టేశారని లస్కరుని ఎవరూ తిట్టరు. ఆగడం కూడా కాలవ పనిలో భాగమే.

సాఫ్ట్‌వేర్‌లో ఆ ఒప్పందం లేదు. అందుకే అక్కడ ఆగడమంటే తెగతెంపులే. 2016లో అజర్ కోచులు ఇంకో ప్యాకేజీ పేరు గొడవలో తన కోడ్ మొత్తం తీసేసుకుంటే, అందులో పదకొండు వరుసల 'లెఫ్ట్‌ప్యాడ్' పోయి ఎక్కడెక్కడి ప్రాజెక్టులో ఆగాయి. అంతకు ఐదేళ్ళ ముందు, 2011 సార్వాకి, గిట్టుబాటు కాక కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. రెండూ నాకు ఒకే జాతి పనులనిపిస్తాయి. చెప్పింది వినేవాళ్ళు లేనప్పుడు మనుషులు పని మానేసి చెబుతారు.

ఎగ్బాల్ పుస్తకం చదవండి. చూసుకునేవాళ్ళ అలసటని ఇంత ఓపికగా చూసిన పుస్తకం నాకు ఇంకొకటి తగల్లేదు. డబ్బు ఎట్నుంచి వస్తుందన్న అధ్యాయాన్ని మాత్రం కొంచెం అనుమానంగా చదవండి. నేనైతే పుస్తకం మూసి, నా ప్లగిన్ పేజీలో ఒక వరుస చేర్చాను: ఏటా మే నెలలో కొత్త కోరికలు తీసుకోబడవు, మరమ్మతులు మాత్రమే, చేయి వేసేవాళ్ళు రావచ్చు. ఇద్దరు విసుక్కున్నారు. భీమవరం నుంచి ఒక డిగ్రీ కుర్రాడు, గుణింతాల దగ్గర ఇంకోచోట కూడా తెగుతోందని చూపించి, దిద్ది పంపాడు. ఆ దిద్దుబాటు చదవడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. ఆ రెండు రాత్రులూ ఏ బిల్లులోనూ పడవు.